మొద్దుబారిన చేతికి బెల్లం

మా ఇంట్లో చెయ్యి మొద్దుబారితే బెల్లం పంచేవాళ్ళు. డోలు నేర్చుకునేవాళ్ళకు మొదటి రెండేళ్ళు వేళ్ళు మండుతాయి, మణికట్టు సలుపుతుంది, అన్నం కలుపుకోవాలన్నా కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. తర్వాత ఒకరోజు వచ్చి, ఇప్పుడు నొప్పి తెలియడం లేదు అంటారు. అంతే, చెయ్యి పండిందని ఇంటిల్లిపాదీ సంతోషపడతారు. మా మామ అలాగే అనేవాడు, మా ఆయన అలాగే అన్నాడు, మా కొడుకూ అలాగే అన్నాడు. అది తప్పని నోరు తెరిచి చెప్పడానికి నాకు నలభై ఏళ్ళు పట్టింది. చెప్పాక మాత్రం ఆ మాటను వెనక్కి తీసుకోలేదు.

మాది ఆళ్ళగడ్డ పక్కన పల్లె. పెళ్ళిళ్ళకు మేళం వాయించడం మా బతుకు. కొడుకు సన్నాయి ఊదుతాడు. వాడి కూతురు, నా మనవరాలు, డోలు వాయిస్తుంది. మా వంశంలో డోలు మెడకెత్తుకున్న మొదటి ఆడపిల్ల అదే. నేను తాళం వేస్తాను. మునుపు తాళం వేసే మనిషి గోడలు కట్టే బేల్దారి పని చూసుకుని డోన్ వైపు వెళ్ళిపోయాడు. ఇంకొకరిని పెట్టుకుందామని కొడుకంటే, ఇంట్లో నా చేతులు ఊరికే ఉండగా బయటి చేతులెందుకని నేనే తాళాలు తీసుకున్నాను. అప్పటికే మా ఆయన పోయి ఏడాదయింది. పెళ్ళిళ్ళలో నన్ను చూసి మూతి తిప్పేవాళ్ళు ఉన్నారు. తాళి కట్టే వేళకు కాస్త వెనక్కి కూర్చోమంటారు. వెనక కూర్చున్నా తాళం ముందుకు వినబడుతుంది కాబట్టి నేనా సంగతి పట్టించుకోలేదు.

తాళమంటే అరచేతిలో పట్టే రెండు కంచు బిళ్ళలు, ఇంకేం లేదు. మేళంలో అందరికన్నా తక్కువ చూపు తాళం వేసేవాళ్ళ మీదే. కానీ అది ఆగితే సన్నాయి నడక తప్పుతుంది, డోలు తడబడుతుంది. ఈ సంగతి నాకు చాలాకాలం తట్టలేదు.

పోయిన ఎండాకాలం, పెళ్ళిళ్ళు వరసగా ఉన్న రోజుల్లో ఒక పొద్దున వాకిట్లో కూర్చుని ఉన్నాం. మనవరాలు మజ్జిగ గ్లాసు అందుకుంది. అది చేతిలోంచి జారి కింద పడింది. పిల్ల తన చేతినే వింతగా చూసుకుంది.

"నాయనా, ఈ మూడు వేళ్ళకు ఏం పట్టుకున్నా తెలీడంల్యా. గ్లాసు ఉందో లేదో కూడా తెలీలేదు."

"నొప్పి?" అన్నాడు కొడుకు.

"నొప్పి యాడుంది? పోయి నెలరోజులైంది."

కొడుకు ముఖం వెలిగింది. "పండిందమ్మే నీ చెయ్యి! మీ జేజినాయనకు ఇట్లనే పండింది. మా, ఇంట్లో బెల్లముందా?"

"ఉంది," అన్నాను. "ఇయ్యను."

"ఏంటికి?"

"పిల్ల చెయ్యి చచ్చిపోతాంటే తీపి పంచనీకి నా బెల్లం దొరికిందా నీకు?"

వాడు నవ్వాడు. "నీకేం తెల్సు మా, డోలు సంగతి. నువ్వు తాళమే కదా."

నాకు డోలు సంగతి తెలియదు, నిజమే. చొక్కా గుండీల సంగతి తెలుసు. మా ఆయన చెయ్యి పండిందని అందరూ మెచ్చుకున్న ఐదారేళ్ళకు ఆయన తన గుండీ తాను పెట్టుకోలేకపోయాడు. కుడి బొటనవేలి కింద ఉండాల్సిన కండ ఎండిపోయి గుంట పడింది. రోజూ పొద్దున నేనే గుండీలు పెట్టేదాన్ని. ఎవరైనా చూస్తే, ఆయనకు నేను పెడితేనే ఇష్టం అని చెప్పేదాన్ని. ఆడవాళ్ళు ముసిముసిగా నవ్వుకునేవాళ్ళు, నేనూ నవ్వేదాన్ని. ఆయన డోలు మాత్రం మానలేదు. మణికట్టుకు గుడ్డ బిగించుకుని, కుడిచేతి లోపాన్ని ఎడమచేతి కర్రతో కప్పుకుంటూ వాయించాడు. ఆ గుడ్డ బిగించింది నేనే. ఇంకా లాగు అనేవాడు, లాగేదాన్ని. నరం నలిగి చచ్చిపోతుంటే నేను దానికి ఉరి బిగించాను. చదువు లేక అలా చేశానని ఎవరైనా ఓదారిస్తే నేను ఒప్పుకోను. బడి మూడో తరగతితో ఆగింది కానీ నా కళ్ళు ఆగలేదు. ఎండిపోతున్న చేతిని రోజూ చూశాను. చూసి ఊరుకున్నాను.

నేను పిసినారిననే పేరుంది. ఉండనీ. సబ్బుముక్క అరిగి గోరంత అయ్యేదాకా వాడతాను, పాత చీరను బొంత కుడతాను, బొంత చిరిగితే మసిగుడ్డ చేస్తాను. వస్తువును అరిగేదాకా వాడటం నాకు తెలుసు కాబట్టే, విరిగేదాకా వాడటం నాకు కడుపుమంట. సబ్బు అయిపోతే ఇంకో సబ్బు వస్తుంది. పంతొమ్మిదేళ్ళ పిల్లకు ఇంకో చెయ్యి ఏ అంగట్లో తెస్తాం?

మరునాడు కొడుకు వేరే పనిమీద పోగానే పిల్లను, డోలును తీసుకుని నంద్యాలలో డాక్టరు దగ్గరికని బస్సెక్కాను.

"డోలెందుకు జేజీ? చెయ్యి చూపిస్తే చాలదా?"

"ఆయప్ప జన్మలో డోలు పట్టింటాడా? నువ్వెట్ల వాయిస్తావో నోటితో చెప్తే ఏం అర్థమైతాది ఆయప్పకు."

ఇప్పుడు బస్సులో ఆడవాళ్ళకు టికెట్టు లేదు. డోలుకు మాత్రం తీసుకోవాలన్నాడు కండక్టరు.

"డోలు మగదనుకున్నావా నాయనా?" అన్నాను.

బస్సంతా నవ్వింది. ఆయనా నవ్వి, ఒళ్ళో పెట్టుకోమని ముందుకు వెళ్ళిపోయాడు.

నంద్యాలలో ఎముకల డాక్టరు చిన్న వయసువాడు. చేతిని అటూ ఇటూ వంచి చూసి, మందులు రాయబోయాడు. ఒక్క నిమిషం ఆగమని, డోలు పిల్ల మెడకు తగిలించి వాయించమన్నాను. ఆయన వద్దనేలోపే పిల్ల మొదలుపెట్టింది. నర్సులు పరిగెత్తుకొచ్చారు. బయట బెంచీల మీదివాళ్ళు తలుపులోంచి తొంగిచూశారు. కాలికి కట్టు వేసుకున్న ఒకాయన చేతికర్రతో నేలమీద తాళం వేశాడు, అదీ తప్పుగా వేశాడు. డాక్టరు మాత్రం నవ్వలేదు. వంగి కూర్చుని పిల్ల మణికట్టునే చూశాడు.

"ఈ తోలుపట్టీ ఎవరిదమ్మా?"

"మా జేజినాయనది," అంది పిల్ల.

"ఆయన ఎంత ఎత్తుండేవాడు?"

నేను లేచి తలుపు పైగడియ దాకా చెయ్యెత్తి చూపించాను. పిల్ల నా చెవిదాకా వస్తుంది. అంత పొడుగు మనిషికి కోసిన పట్టీ ఈ పిల్ల మెడలో వేలాడితే డోలు తొడల దాకా దిగుతోంది. దాన్ని అందుకోవడానికి పిల్ల భుజం వంచి, మణికట్టును కొక్కెంలా మడిచి వాయిస్తోంది. మూడేళ్ళుగా నేను పక్కన నిలబడి తాళం వేస్తూ కూడా అది చూడలేదు.

మణికట్టు మడతలో నరం నలుగుతోందని డాక్టరు చెప్పాడు. ఆరువారాలు డోలు ముట్టకూడదు. పట్టీ పొట్టిగా చెయ్యాలి. మణికట్టుకు గుడ్డ బిగించకూడదు. మళ్ళీ మొదలుపెట్టాక అరగంటకు ఒకసారి పది నిమిషాలు చేతికి విశ్రాంతి ఇవ్వాలి.

"అట్ల చేయకపోతే?" అన్నాను.

"ముందు స్పర్శ పోతుంది. తర్వాత బలం పోతుందమ్మా. బలం పోయాక తిరిగి రావడం కష్టం."

"ఆ సంగతి నాకు తెల్సు," అన్నాను. తెలిసి పిల్లను ఇన్నాళ్ళకు తెచ్చావా అని ఆయన అడగలేదు. 

ఇంటికొచ్చాక మేకు కాల్చి ఆ పట్టీకి నాలుగు బెజ్జాలు పొడిచాను. కొడుకు వచ్చి చూసి అదిరిపడ్డాడు.

"నాయన పట్టీ మా అది! దానికి బెజ్జాలు పొడుస్తాండావా?"

"మీ నాయన మెడతో మోస్తాంటే పొడిచేదాన్ని కాదు."

"ఆరువారాలంట! ఈ పెళ్ళిళ్ళ కాలంలో! మేమంతా ఇట్లనే కదా వాయించింది?"

"వాయించినారు. మీ నాయనకు ముప్పై ఏళ్ళు గుండీలు ఎవరు పెట్టినారో తెల్సా నీకు?"

వాడికి తెలియదు. నేను చెప్పాను. నమ్మినట్టే ఉన్నాడు, కానీ నమ్మితే తన తండ్రి చేతిని చిన్నబుచ్చినట్టవుతుందనో ఏమో, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు. కొలిమిగుండ్ల నుంచి ఒక డోలు మనిషిని పిలిపించుకుని ఆ ఆరువారాలు నడిపాడు.

ఆ రోజుల్లో చేతికన్నా పిల్ల మనసు ఎక్కువ సతాయించింది. పొద్దస్తమానం తొడమీద వేళ్ళతో తట్టుకుంటూ కూర్చునేది. ఫోనులో వేరేవాళ్ళు వాయించే వీడియోలు చూసి, వాళ్ళంతా తనను దాటిపోతున్నారని కుమిలేది. ఫోను తీసి జొన్నల డబ్బాలో పెట్టి మూత బిగించాను.

"చేతికి మరుపు వస్తే ఎట్ల జేజీ? నేనేం పనికొస్తా?"

"డోలు పట్టకముందు నీకు అన్నం పెట్టలేదా నేను?" అన్నాను. ఓదార్చడం నాకు అంతే వచ్చు.

తర్వాత ఒక పని కనిపెట్టాను. సాయంత్రం ఎండ తగ్గాక ఇద్దరం చేలగట్టు వెంట నడిచేవాళ్ళం. నేను చేత్తో తాళం వేస్తే పిల్ల డోలు మీద వాయించేదంతా నోటితో చెప్పేది. మొదట్లో సిగ్గుపడింది, పశువులు తోలుకొచ్చేవాళ్ళు చూస్తారని. తర్వాత వాళ్ళే ఇవాళ మోగదా పాపా మీ నోటిడోలు అని అడిగేవాళ్ళు. నోటితో చెప్పేటప్పుడు తాను ఎక్కడ తొందరపడుతోందో పిల్లకు తెలిసొచ్చింది. నడక వల్ల రాత్రి నిద్ర పట్టింది, ఆకలి పుట్టింది. అప్పటిదాకా పెళ్ళిళ్ళ కాలమంటే మాకు తిండీ నిద్రా లేని కాలమే. మేళంవాళ్ళను కడబంతిలో కూర్చోబెడతారు. ఎండ దిగాక చల్లారిన అన్నం తిని, వెంటనే లేచి ఊదాలి. ఊదేవాడికి ఖాళీ కడుపూ చేటే, నిండు కడుపూ చేటే. అప్పటినుంచి నేను జొన్నరొట్టె, మజ్జిగ సీసా సంచిలో వేసుకుని పోతున్నాను. మేళం మొదలవడానికి గంటకు ముందే అందరి చేత తినిపిస్తాను. పెళ్ళివాళ్ళ అన్నం తక్కువైందా అని ఎవరైనా అడిగితే, ఎక్కువైంది కానీ ఆలస్యమైంది అంటాను.

ఆరువారాలు గడిచాయి. రెండు వేళ్ళకు స్పర్శ తిరిగొచ్చింది. నడిమి వేలి కొసకు రాలేదు. డాక్టరు మళ్ళీ చూసి, వాయించవచ్చు, కానీ అరగంట మాట మరవద్దన్నాడు. కొడుక్కి చెప్పాను. సరే అన్నాడు. ఆ సరేలో బరువు లేదని నాకు అప్పుడే అర్థం కావాల్సింది.

పిల్ల మళ్ళీ వాయించిన మొదటి పెళ్ళి నంద్యాలలో. పెళ్ళికొడుకును విడిది నుంచి కల్యాణమండపానికి ఊరేగింపుగా తీసుకెళ్ళాలి. సాయంత్రం ఐదింటికి బయలుదేరాం. ముందు మేము, వెనక జనరేటరు బండి, కారు, మధ్యలో ఎగిరే జనం. కొంత దూరం పోయాక పెళ్ళికొడుకు మేనమామ మా కొడుకు వీపు తట్టి, "గంటన్నర ఆపకుండా అన్నావు, మాట మీద నిలబడల్ల అప్పా," అన్నాడు. అప్పుడు తెలిసింది నాకు. నేను కొడుకు వైపు చూశాను. వాడు సన్నాయి చాటున కళ్ళు దించుకున్నాడు.

అరగంట నిండింది. పిల్ల కుడిచేతి దెబ్బ పలచబడటం నాకు వినబడుతోంది. నడుస్తున్న ఆవర్తం పూర్తయ్యేదాకా ఆగాను, మధ్యలో తెంచడం మేళానికి మర్యాద కాదు. ఆ చుట్టు ముగిసే దెబ్బ మీద తాళాలు మూసి, సంచిలో పెట్టేశాను.

సన్నాయి రెండడుగులు తూలి ఆగింది. డోలు ఆగింది. ఎగిరేవాళ్ళు ఎత్తిన చేతులు ఎత్తినట్టే నిలబడిపోయారు. మేనమామ వచ్చాడు.

"ఏందవ్వా, ఏమైంది? తాళం పగిలిందా?"

"పగల్లేదు. పిల్ల పది నిమిషాలు చెయ్యి ఆడించుకోవల్ల."

"నడిరోడ్డు మీదనా? ఇంతమంది ఆయమ్మి చేతి కోసం కాచుకోని ఉండల్లనా?"

"మీ జనరేటరుకు డీజిలు అయిపోతే కాచుకోరా అప్పా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. పట్టుచీరలో ఉన్న ఒకామె ముందుకొచ్చింది. "శుభమా అని పోతాంటే ఇదేం అపశకునం! ముండమోసినామె తాళమంటే నేను ముందే వద్దన్నా."

"ఇంతసేపు నువ్వు ఎగిరింది ఆ ముండమోసినామె తాళానికే కదమ్మా," అన్నాను.

ఆమె కొంగు సర్దుకుంటూ వెనక్కి జరిగింది. కొడుకు చెవులు ఎర్రబడ్డాయి. నా దగ్గరికి వచ్చి పళ్ళ బిగువున అన్నాడు.

"పరువు తీస్తాండావు మా. తియ్యి తాళం, వెయ్యి."

"వెయ్యను."

వాడు కూతురి వైపు తిరిగాడు. "పాపా, జేజి లేకున్నా నీకు లెక్క లోపల ఉంది కదా. నువ్వు మొదలుపెట్టు."

అక్కడ నేను మాట్లాడలేదు. నోటిదాకా వచ్చింది కానీ మింగాను. నేను వద్దంటే పిల్ల నా మాట విన్నట్టవుతుంది. తండ్రి మాట పోయి నా మాట వస్తే దాని చేతికి ఒరిగేదేముంది? రేపు నేను ఉండను. ఆ చెయ్యి దానిదని దానికే తెలియాలి.

డోలు వాయించేవాళ్ళు కుడిచేతి వేళ్ళకు తొడుగులు వేసుకుంటారు. గుడ్డపేలికలకు జిగురు పట్టించి, వేలికి చుట్టి ఎండబెడితే చెక్కలా గట్టిపడతాయి. పిల్ల ఆ వేళ్ళను కాసేపు చూసుకుంది. చుట్టూ ఫోనులు పైకి లేచి ఉన్నాయి. తర్వాత ఒక్కొక్క తొడుగూ లాగి తండ్రి అరచేతిలో పెట్టింది.

"పట్టుకో నాయనా. మొద్దుబారుతాంది. పది నిమిషాలు."

వాడు ఆ తొడుగులను అరచేతిలో తిప్పి చూశాడు. తలెత్తకుండా అడిగాడు. "ఏ వేలు?"

"నడిమిది."

 తొడుగులు జేబులో వేసుకుని, సన్నాయి ఎత్తి ఒక్కడే నిదానంగా ఏదో ఊదాడు. అది ఎగరడానికి పనికొచ్చేది కాదు. వెనకనుంచి కుర్రకారు, "ఏందన్నా, జోలపాటా?" అని అరిచారు. మేనమామ విసుక్కుని బాక్సుల్లో సినిమా పాట పెట్టించాడు. ఆ చప్పుడులో సన్నాయి వినబడలేదు. అయినా వాడు ఊదుతూనే ఉన్నాడు. నేను టీ అంగడి ముందు బల్లమీద కూర్చుని వాచీ చూసుకున్నాను. పిల్ల నా పక్కన చేతులు కిందికి వదిలేసి, మణికట్లు మెల్లగా తిప్పుకుంటూ కూర్చుంది. పది నిమిషాలయ్యాక లేచి తాళం తీశాను. ఊరేగింపు ముగిసేలోపు ఇంకోసారి ఆపాను. రెండోసారి ఎవరూ ఏమీ అడగలేదు, తిట్టుకున్నారు అంతే.

ఆ ఇంట్లో తర్వాతి పెళ్ళికి మమ్మల్ని పిలవబోమని అక్కడే చెప్పేశారు. మా వీడియో ఎవరో పెట్టారు. దాని కింద జనం రాసిన మాటలు పిల్ల నాకు చదివి వినిపించింది. ముసలిదానికి పొగరు అని సగంమంది, తక్కిన సగం ఇంకా ఘోరంగా. అన్నీ వినిపించు, దాచొద్దు అన్నాను. విన్నాక కుక్కర్ పెట్టడానికి లేచాను. కొడుకు నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. నేనూ మాట్లాడించలేదు. అన్నం మాత్రం ఏ రోజుకారోజు వేడిగా పెట్టాను.

నడిమి వేలి కొస ఇప్పటికీ పూర్తిగా రాలేదు. వస్తుందో రాదో డాక్టరు చెప్పలేడు, నేనూ చెప్పలేను. మిగతా చెయ్యి మాత్రం పిల్లదే, దాని బలం దానికే ఉంది. ఆ ఊరేగింపు తర్వాత ఏ పెళ్ళిలోనూ అరగంట దాటనివ్వలేదు. కొన్ని పెళ్ళిళ్ళు పోయాయి. పోతే పోయాయి.

పోయిన నెల వెలుగోడు నుంచి ఇద్దరు పెద్దమనుషులు పెళ్ళి మేళం మాట్లాడటానికి వచ్చారు. కొడుకు వాళ్ళను వాకిట్లో మంచం మీద కూర్చోబెట్టాడు. నేను లోపల గడప దగ్గర బియ్యం చెరుగుతున్నాను. ముహూర్తం, దారి, బండి అన్నీ మాట్లాడుకున్నాక వాడు కొంచెం ఆగి అన్నాడు.

"ఒక మాట, అన్నా. మేము అరగంటకొకసారి పది నిమిషాలు ఆపుతాం. తాళి కట్టేటప్పుడు కాదు, తక్కినప్పుడంతా. మేళానికి తిండి కూడా ముందే పెట్టల్ల. మీకు ఇష్టమైతే చెప్పండి."

చేట ఆపాను.

"ఇష్టమైతే అనే మాట ఏంటికిరా?" అన్నాను లోపలినుంచి.

వచ్చినవాళ్ళు ఉలిక్కిపడి గడప వైపు చూశారు. "మా అమ్మ," అన్నాడు వాళ్ళతో. "తాళం ఆమెదే." తర్వాత గొంతు సవరించుకుని, ఆ ఒక్క మాట తీసేసి, మొదటినుంచి మళ్ళీ చెప్పాడు.